సలాలా నుంచి హైదరాబాద్: మూడు గంటల ఇరవై నిమిషాలు

పని ఏమిటంటే

పెళ్లిళ్లలో పక్కన కూర్చున్నవాళ్లు నన్ను రెండే ప్రశ్నలు అడుగుతారు. మీరు పైలటా అన్నది మొదటిది. కాదని చెప్పాక, మరి విమానాల్లో ఏం పని చేశారన్నది రెండోది. ఫ్లైట్ డిస్పాచర్‌ని అంటే చాలామంది సామాన్లు ఎక్కించే పని అనుకుంటారు. నేను సరిదిద్దను. మా వంశంలో తన గురించి తాను వివరించుకునే అలవాటు ఎవరికీ లేదు. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం రాస్తున్నాను కాబట్టి ఇక్కడ ఒక్కసారి వివరిస్తాను.

విమానం లేవకముందే దాని ప్రయాణమంతా కాగితం మీద ఒకసారి జరిగిపోవాలి. ఏ దారిన పోవాలి, ఎంత ఎత్తున ఎగరాలి, గాలి ఎటు వీస్తోంది, ఇంధనం ఎంత పోయాలి, దిగాల్సిన చోట దిగలేకపోతే ఎక్కడికి పోవాలి. ఇదంతా లెక్కకట్టి సంతకం పెట్టేవాడు డిస్పాచర్. విమానం నేల మీద ఆగేదాకా అతను కుర్చీ వదలకూడదు. ఏదైనా జరిగితే పైలట్‌తో పాటు అతనూ జవాబు చెప్పాలి.

ఇప్పుడు ఫోన్‌లో రెండు ఊళ్ల పేర్లు కొడితే దూరమూ సమయమూ క్షణంలో వచ్చేస్తాయి. దూరం సరైనదే. భూగోళం మీద రెండు చుక్కల మధ్య దారం బిగించి పట్టుకుంటే వచ్చేది అది. కానీ ఏ విమానమూ ఆ దారం వెంట పోదు. టాంజానియాలోని దార్ ఎస్ సలాం నుంచి హైదరాబాద్‌కు ఫోన్ చెప్పేది సుమారు అయిదు వేల కిలోమీటర్లు, ఆరున్నర గంటలు. మా చిన్న జెట్ ఒక్క విడతలో అంత దూరం రాలేదు. ఒమన్‌లోని సలాలాలో దిగి ఇంధనం పోసుకోవాలి. దారి వంకర తిరుగుతుంది, అక్కడ ఆగిన సమయం కలుస్తుంది. మంచి రోజున ఎనిమిదిన్నర గంటల పైమాటే. నేను చెప్పబోయే రోజున పది గంటల నలభై నిమిషాలు పట్టింది. అందులో కొంత ఆలస్యం నా మూలాన.

రహీం సాబ్ పెట్టిన పద్ధతి

పెద్ద విమానాలన్నీ శంషాబాద్‌కు తరలిపోయాక కూడా బేగంపేటలో కొన్ని చిన్న కంపెనీలు మిగిలాయి. నేను పనిచేసినది రోగుల్ని మోసే కంపెనీ. విమానంలో సీట్లు తీసేసి మంచం, వెంటిలేటర్, ఆక్సిజన్ సిలిండర్లు బిగిస్తారు. నాకు మొదటి అధికారి రహీం సాబ్. చదువు పెద్దగా లేదు, గాలి వీచే తీరు చూపే మ్యాపుల్ని మాత్రం ఇంటి గోడ చూసినట్టు చూసేవారు.

చేరిన కొత్తలో ఒక రోజు ఆయన ముందు కాగితం పెట్టి, రెండు గంటల పది నిమిషాలు అన్నాను.

“ఎవరికి?” అన్నారు.

నాకు అర్థం కాలేదు.

“రెండు గంటల పది అంటున్నవు గదా భాయ్, ఎవరికి? పైలట్‌కా, పేషెంట్‌కా? పైలట్‌కి చక్రాలు లేచినకాడి నుంచి చక్రాలు ఆనేదాంక. పేషెంట్‌కి గీ మంచం మీదకెళ్లి లేపినకాడి నుంచి ఇంకో మంచం మీద పండబెట్టేదాంక. బీచ్‌మే జో హోతా, వో భీ టైమే నా.”

మధ్యలో గడిచేదీ సమయమేనని ఆయన లెక్క. అందుకే మా దగ్గర ప్రతి ప్రయాణానికీ రెండు కాగితాలు ఉండేవి. ఒకటి పైలట్‌కు, ఒకటి డాక్టర్‌కు. ఆక్సిజన్ ఎంత ఎక్కించాలో డాక్టర్ తన కాగితం చూసి నిర్ణయించేవాడు. సమయం గురించి పైలట్, డాక్టర్ తమలో తాము మాట్లాడుకోకూడదని కూడా ఆయనే నియమం పెట్టారు. విమానంలో రెండు రకాల మాటలు తిరిగితే గందరగోళమని ఆయన భయం. ఇద్దరికీ అంకె ఒక్కచోటి నుంచే, డిస్పాచర్ నుంచే వెళ్లాలి.

ఇంకొక పద్ధతి రీడ్‌బ్యాక్. కాగితాలు పంపేముందు రెండో మనిషి వాటిలోని అంకెలన్నీ పైకి చదవాలి, రాసినవాడు కూర్చుని వినాలి.

“రాసినోనికి తన తప్పు కనవడది. ఇంటే తెలుస్తది,” అనేవారు రహీం సాబ్.

మొదటి పద్ధతి నాకు నచ్చింది. రెండోది నచ్చలేదు. ఎందుకో చెప్పాలంటే ఇంటి సంగతి కొంత చెప్పాలి.

మాట మార్చని ఇల్లు

మాది బోయిగూడ. కంటోన్మెంట్ గుర్రాలకు గడ్డీ దాణా సరఫరా చేసిన ఇల్లు. మా తాతగారు కట్టించిన దేవిడీలో పద్దెనిమిది గదులు. గుర్రాలు పోయి లారీలు వచ్చాక ఆ కాంట్రాక్టు పోయింది. నాన్నగారి కాలంలో గదులు ఒక్కొక్కటే పరాయివాళ్ల పేరు మీదకు మారాయి. ఇప్పుడు నేను మల్కాజ్‌గిరిలో ఫ్లాట్‌లో ఉంటున్నాను. దీనికి నాకెవరి జాలీ అక్కర్లేదు.

ఆస్తులు పోయినా ఒక కట్టుబాటు మిగిలింది. నోట వచ్చిన మాట మార్చకూడదు. నాన్నగారు చివరి గది అమ్ముతానని ఒకరికి మాటిచ్చాక, మర్నాడు అంతకంటే మంచి బేరం వచ్చినా తలుపు దగ్గరి నుంచే పంపేశారు. నేను ఆ గుణాన్ని ఆస్తిలాగే దాచుకుని డిస్పాచ్ గదిలోకి కూడా తీసుకెళ్లాను. నేను ఒక అంకె చెప్పానంటే అది ఖాయమని పైలట్లు అనుకుంటుంటే గర్వంగా ఉండేది.

ఈ పనికి అంతకంటే చెడ్డ గుణం లేదు. ఎత్తు మారితే అంకె మారాలి. దారి మారితే మారాలి. చెప్పిన నోటితోనే, ఎదుటివాడు అడగకముందే, కాదు ఇంకొకటి అని చెప్పగలగాలి. ఇది నాకు పాతికేళ్ల ఉద్యోగం తర్వాత గానీ తెలియలేదు.

నా కింద గ్రేస్ అనే డిస్పాచర్ ఉండేది. లైసెన్స్ ఉన్న మనిషి, పని తెలిసిన మనిషి. ఆమె తండ్రి మిషన్ స్కూల్లో టీచరు. మా దేవిడీ వెనక భాగంలో చాలాకాలం అద్దెకున్నారు. ఆ సంగతి ఆమె ఎన్నడూ ఎత్తలేదు. నేనే మరిచిపోలేదు. ఆమె నా అంకెలు చదువుతుంటే కూర్చుని వినడం నాకు కష్టంగా ఉండేది.

యాదగిరి

యాదగిరి బోయిగూడ మనిషి. బోరు బండ్ల మీద ఫిట్టర్‌గా దార్ ఎస్ సలాం వెళ్లాడు. అక్కడ బోరు పైపు జారి ఛాతీ మీద పడింది. పక్కటెముకలు విరిగాయి, ఒక ఊపిరితిత్తి దెబ్బతింది. అతన్ని హైదరాబాద్ తెచ్చే పని మాకు వచ్చింది.

అతని భార్య సుజాత ఉదయమే మా ఆఫీసుకు వచ్చి కూర్చుంది. బట్టలు కుట్టే మనిషి. బ్లౌజు కొలతల పుస్తకం చేతిలోనే ఉండిపోయింది.

“ఫోన్ల చూసిన సార్. ఆరున్నర గంటలే చూపెడుతున్నది. మీరేమో తొమ్మిది గంటలంటున్నరు. గింత ఫరక్ ఎట్ల?”

“ఫోన్ లెక్కలో ఆగడం ఉండదమ్మా. విమానం ఆగాలి.”

“ఫోన్‌దేం పోయింది, దాని మొగుడు గాదాయె,” అంది.

విమానం మన ఉదయం ఎనిమిదింటికి అక్కడ లేచి, పన్నెండింటికి సలాలాలో దిగింది. అప్పుడు కెప్టెన్ ఫోన్ చేశాడు.

“రావుగారూ, ఇక్కడి నుంచి కింది ఎత్తులో రావాలంటున్నారు డాక్టర్. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిందట. పైకి పోయేకొద్దీ అది ఉబ్బుతోందట. మళ్లీ ప్లాన్ చేసి పంపండి.”

కింది ఎత్తులో గాలి చిక్కగా ఉంటుంది. విమానం నెమ్మదిస్తుంది, ఇంధనం ఎక్కువ తాగుతుంది. దూరం అంతే ఉంటుంది, సమయం పెరుగుతుంది. పదకొండు నిమిషాల్లో కొత్త లెక్క కట్టాను. సలాలా నుంచి హైదరాబాద్‌కు మూడు గంటల ఇరవై నిమిషాలు ఉన్నది నాలుగుంబావు గంటలు అయింది. పైలట్ కాగితం పంపించాను.

గ్రేస్ నా బల్ల దగ్గరికి వచ్చింది.

“సార్, డాక్టర్ షీట్ కూడా మార్చారు కదా? ఒకసారి రీడ్‌బ్యాక్ చేసేద్దామా?”

“నేను ఈ పని మొదలుపెట్టినప్పుడు నువ్వు బళ్లో ఉన్నావు గ్రేస్.”

“అవును సార్. అయినా రూల్ కదా.”

“ఆ రూల్ పెట్టిన రోజు ఈ గదిలో నేను ఉన్నాను. నువ్వెళ్లి సలాలా ఫ్యూయల్ స్లిప్ వచ్చిందేమో చూడు.”

వెళ్లింది. డాక్టర్ కాగితం నేను మార్చలేదు. ఆ మాట అన్నాక ఆమె ముందే దాన్ని తెరవడమంటే ఆమె అడిగింది న్యాయమని ఒప్పుకోవడం. ఆమె గది దాటాక తెరుద్దామనుకున్నాను. ఆమె గది దాటింది. ఈలోగా అనుమతుల గురించి ఫోన్ వచ్చింది, మాట్లాడాను. ఒంటి గంటా పావుకు విమానం సలాలాలో లేచింది.

గాలి మారలేదు

రెండు దాటాక సుజాత తలుపు దగ్గర నిలబడి, ఎన్నింటికి దిగుతాడని అడిగింది. అయిదున్నరకు అన్నాను.

“అయిదున్నరనా?” ఫోన్ నా ముందు పెట్టింది. “డాక్టర్ సార్ అక్కడ ఎక్కేటప్పుడు మెసేజ్ వెట్టిండు. మూడు గంటల ఇర్వై నిమిషాలల్ల దిగుతం అన్నడు. అంటే నాలుగున్నర దాటినంక గదా. ఏది నిజం సార్?”

ఆ ఫోన్‌లో మూడు గంటల ఇరవై అన్నది నా అంకె. ఉదయం నేను పంపినది. డాక్టర్ ఇంకా దాన్నే నమ్ముకుని ఉన్నాడు. దాని ప్రకారమే ఆక్సిజన్ చూసుకుని ఉంటాడు. విమానం అప్పటికే అరేబియా సముద్రం మీద యాభై నిమిషాలు వచ్చేసింది.

ఆమెను కూర్చోమని చెప్పి నా బల్ల దగ్గరికి వచ్చాను. శాటిలైట్ సందేశం తెరిచి, “గాలి మారినందున కొత్త సమయం నాలుగుంబావు గంటలు, డాక్టర్‌కు తెలపండి” అని రాశాను.

ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ ఆ మాట తెలుసు. ఏ అంకె తప్పినా గాలి మీద తోసేస్తాం. గాలి వచ్చి సాక్ష్యం చెప్పదు. నేను పంపే మీట నొక్కబోతుంటే గ్రేస్ వెనక నిలబడి చదివింది.

“సార్, గాలి మారలేదు కదా,” అంది మెల్లగా.

నేను మీట మీంచి వేలు తీయలేదు.

“అలా పంపితే ఎదురుగాలి పెరిగిందనుకుని, కెప్టెన్ మంచి గాలి కోసం కొంచెం పైకి వెళ్తానని అడుగుతారు సార్. పైకి వెళ్తే పేషెంట్...”

మిగతాది చెప్పాల్సిన పని లేదు. నా పరువు కోసం రాసిన ఒక్క మాటకు సముద్రం మీద ఒక మనిషి ఛాతీ ఉబ్బేది. ఆ సందేశం చెరిపేశాను. కొత్తగా రాసినది ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది: “డాక్టర్ దగ్గరున్న సమయం తప్పు. నేను మార్చి పంపలేదు. తప్పు నాది. గాలిలో మార్పు లేదు. ఇక్కడి నుంచి హైదరాబాద్ మూడు గంటల ఇరవై అయిదు. ఆక్సిజన్ ఎంతసేపు వస్తుందో చెప్పండి.”

జవాబు రావడానికి ఆరు నిమిషాలు పట్టింది. రోగికి ఆక్సిజన్ పెంచాల్సి వచ్చిందనీ, ఉన్నది రెండు గంటల నలభై నిమిషాలకు సరిపోతుందనీ.

ముంబై

మూడు దారులు ఉన్నాయి. పైకి లేచి వేగం పెంచడం ఒకటి. డాక్టర్ ఒక్క మాటలో వద్దన్నాడు. సలాలాకు తిరిగిపోవడం రెండోది. యాభై నిమిషాల్లో చేరతారు, కానీ మళ్లీ బయలుదేరేలోపు పైలట్ల డ్యూటీ గంటలు అయిపోతాయి. రోగి మర్నాటిదాకా అక్కడే ఉండిపోతాడు. మూడోది ముంబై. రెండు గంటల ఇరవై అయిదు నిమిషాలు.

అంటే చేతిలో పదిహేను నిమిషాలు. ముంబై ఆకాశంలో దిగడానికి వరసలో ఇరవై నిమిషాలు తిప్పడం మామూలు విషయం.

ముంబైకి తిప్పమని పంపాను. కెప్టెన్ వైద్య అత్యవసరం ప్రకటించాడు. నేను ముంబైలో దిగే అనుమతులకూ కస్టమ్స్‌కూ ఫోన్లు చేస్తుంటే, గ్రేస్ అక్కడ ఒక అంబులెన్స్ వాళ్లను పట్టుకుంది.

“రెండు సిలిండర్లు కావాలండీ, ఫ్లైట్ పక్కకే తీసుకురావాలి. లేదండీ, ఏదో ఒకటి కాదు. మా రెగ్యులేటర్‌కు ఆ మూతి పట్టాలి. ఫొటో పంపిస్తున్నాను, మీ సిలిండర్ మూతి ఫొటో తీసి పంపండి. ఇప్పుడే. నేను లైన్లోనే ఉంటాను.”

మూతి సంగతి నాకు తట్టలేదు. రాసుకుంటున్నాను కాబట్టి ఇది కూడా రాయాలి.

అప్పుడు సుజాత దగ్గరికి వెళ్లాను. ఎవరినైనా పంపించి చెప్పించవచ్చు. నేనే వెళ్లి, జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆమె ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. కొలతల పుస్తకం మూసి పక్కన పెట్టింది.

“అయితే మీ లెక్కనే తప్పు.”

“అవునమ్మా.”

“మరి ఇప్పుడు చెప్తున్న లెక్క? గిది సుత మీదే గదా.”

నాదే. ఆమె నన్ను ఎందుకు నమ్మాలి? గ్రేస్‌ను పిలిచి, కాగితం ఆమె చేతికిచ్చి, సుజాత ముందు ప్రతి అంకె పైకి చదవమన్నాను. ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని విన్నాను. దూరం, ఎత్తు, వేగం, మిగిలిన నిమిషాలు. గ్రేస్ తొందరపడకుండా చదివింది. ఒక చోట ఆగి, “సార్, ఇందులో రన్‌వే మీంచి అంబులెన్స్ దాకా పట్టే టైమ్ లేదు,” అంది. నిజమే, వదిలేశాను. ఆరు నిమిషాలు. పదిహేను తొమ్మిదైంది.

“గట్ల చెప్పుర్రి,” అంది సుజాత ఆమెతో. ఆ తర్వాత ఏది అడిగినా గ్రేస్‌నే అడిగింది.

నాలుగు దాటాక మాకు చేయడానికి ఏమీ లేదు. తెర మీద విమానం ఒక చుక్కగా కదులుతూ ఉంటుంది, చూస్తూ ఉండాలి. కిటికీలోంచి శిక్షణ విమానం ఒకటి దిగుతూ లేస్తూ ఉంది. ముంబై తీరం దగ్గర చుక్క ఒక చోట మలుపు తిరిగింది. వరసలో పెట్టేశారనుకున్నాను. గ్రేస్ తెర దగ్గరికి వంగింది.

“రన్‌వే వైపే తిరిగింది సార్. అప్రోచ్‌కే, దిగడానికే.”

నాలుగూ ముప్పై ఒకటికి చక్రాలు ఆనాయి. తిప్పకుండా నేరుగా దింపారు. సిలిండర్ మార్చేసరికి పాతదాంట్లో ఎనిమిది నిమిషాలది మిగిలిందని సందేశం వచ్చింది. గ్రేస్ ఆ సంగతి సుజాతకు చెప్పడానికి పరుగెత్తింది. నేను కుర్చీలోంచి లేవలేదు. విమానం ఇంకా ఇల్లు చేరలేదు.

నివేదిక

విదేశం నుంచి నేరుగా వచ్చి ఉంటే శంషాబాద్‌లో దిగాల్సి వచ్చేది; ముంబైలో కస్టమ్స్ పని అయిపోవడంతో విమానం బేగంపేటలోనే దిగగలిగింది. యాదగిరిని అంబులెన్స్‌లోకి మార్చాక డాక్టర్ నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. నాకంటే బాగా చిన్నవాడు. కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

“సలాలాలో రెండు సిలిండర్లు తెచ్చి నా కాళ్ల దగ్గర పెట్టారండీ,” అన్నాడు. “వద్దని పంపించేశాను. మీ కాగితం చూసి.”

మా ఇంట్లో క్షమాపణ ఎలా అడుగుతారో నాకెవరూ నేర్పలేదు. నాది తప్పు, డాక్టర్‌గారూ అన్నాను. అతను తల ఊపి అంబులెన్స్ ఎక్కాడు.

మర్నాడు మా మేనేజర్ తలుపు వేసి కూర్చోబెట్టారు. మంచి మనిషే. కంపెనీని కాపాడుకోవాలి, నన్నూ కాపాడాలనుకున్నారు.

“రావుగారూ, మనిషి బతికాడు కదా. కారణం దగ్గర గాలి అని రాసేయండి. ఎవరూ అడగరు. ఇన్నేళ్ల సర్వీసు, ఆ పేరు ఎందుకు పాడుచేసుకుంటారు?”

నేను రాసింది మూడు వాక్యాలు. ఎత్తు మార్చాక డాక్టర్‌కు కొత్త సమయం పంపలేదు. రీడ్‌బ్యాక్ చేద్దామని సహోద్యోగి అడిగితే నిరాకరించాను. పాత సమయాన్ని నమ్మి డాక్టర్ సలాలాలో రెండు సిలిండర్లు వెనక్కి పంపారు. మేనేజర్ రెండుసార్లు చదివి ఫైల్లో పెట్టారు.

కొత్తవాళ్లకు నేను చెప్పేది ఇంతే. మీ అంకె మారిన మరుక్షణం, పాత అంకె ఎవరెవరి చేతుల్లో ఉందో లెక్కపెట్టుకోండి. అందరి చేతుల్లోంచీ దాన్ని వెనక్కి తీసుకునేదాకా మీ పని పూర్తికాలేదు. చిన్నవాళ్లు చదివి వినిపిస్తామంటే కూర్చుని వినండి. గాలి మారకపోతే మారిందని రాయకండి.

యాదగిరి రెండు నెలలు ఆస్పత్రిలో ఉండి ఇంటికి చేరాడు. ఊపిరి పూర్తిగా తిరిగి రాలేదు. బోరు బండ్ల పని మానేశాడు.

నాకు ఆరు నెలలు సంతకం పెట్టే అధికారం తీసేశారు. అది న్యాయమే. ఆ ఆరు నెలలూ ప్రతి విమానమూ గ్రేస్ సంతకంతో లేచింది. అంకెలు చదివి వినిపించే పని నాది. ఒక్క విమానంలోనూ ఆక్సిజన్ తక్కువ పడలేదు.